ఎవరూ నోరు విప్పని సమావేశం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తరహా మనుషుల నుంచి వచ్చాయి. రాత, బొమ్మ, డిజైను, సాఫ్ట్‌వేర్ వంటి పనులు చేసే చిన్న బృందాలకు పెద్దగా ఉంటూ, తమ బృందం నుంచి కొత్తదనం రావడం లేదని మథనపడుతున్నవారు రాసిన ఉత్తరాలివి. కొన్నింటిని కుదించి, రాసినవారి పేర్లను, వారి సంస్థల పేర్లను తొలగించాం. జవాబులు రాస్తున్న నేను కూడా చాలాకాలం ఒక ప్రచురణ సంస్థలో రచయితలు, చిత్రకారులు కలిసి పనిచేసే బృందాన్ని నడిపినవాణ్నే. ఇక్కడ ప్రస్తావనకు వచ్చే తప్పుల్లో సగం నేను చేసినవే కాబట్టి, ఎక్కడైనా మాట కటువుగా అనిపిస్తే అది ముందు నాకే తగులుతుందని గ్రహించగలరు.

ప్రశ్న: నేను ఎనిమిది మంది డిజైనర్ల బృందానికి నాయకత్వం వహిస్తున్నాను. ప్రతి సోమవారం గంటసేపు మేధోమథనం పెడతాను. మంచీ చెడూ చూడకుండా ఏది తోస్తే అది చెప్పమని పూర్తి స్వేచ్ఛ ఇస్తాను. అయినా ఇద్దరు తప్ప ఎవరూ నోరు విప్పరు. చివరికి నేనే ఒక ఆలోచన చెబితే అందరూ చాలా బాగుందంటారు. మిగిలినవారిలో సృజన లేదనుకోవాలా? వాళ్లను తీసుకోవడంలోనే పొరపాటు జరిగిందా?
— ఒక డిజైన్ విభాగం అధిపతి

జవాబు: ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాకుండా, మనుషులను మార్చే ఆలోచనకు ముందు ఆ సోమవారం గంటను ఒకసారి విప్పి చూద్దాం. అరవై నిమిషాలను ఎనిమిది మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఏడున్నర నిమిషాలు వస్తాయి. మీ తొలిపలుకులకు పది నిమిషాలు, చురుకైన ఇద్దరికి ముప్పై నిమిషాలు, చివర్లో మీ ఆలోచనను మీరే వివరించడానికి మరో పదిహేను నిమిషాలు పోతే, మిగిలిన ఆరుగురికి కలిపి దక్కేది అయిదు నిమిషాలు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావారు తమ ఆలోచనను మనసులో పట్టుకుని కూర్చోవాలి. తమ వంతు వచ్చేసరికి అది చల్లారిపోతుంది, లేదా ఇప్పుడు చెప్పడం అనవసరమనిపిస్తుంది.

మేధోమథనం అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికాలోని బీబీడీఓ ప్రకటనల సంస్థ స్థాపకుల్లో ఒకరైన అలెక్స్ ఆస్బర్న్. విమర్శను వాయిదా వేయాలి, విచిత్రమైన ఆలోచనను కూడా ఆహ్వానించాలి, వీలైనన్ని ఎక్కువ చెప్పాలి, ఒకరి ఆలోచనకు మరొకరు చేర్పులు చేయాలి అనే నాలుగు నియమాలతో 1953లో వెలువడిన ఆయన పుస్తకం ఈ పద్ధతిని కార్యాలయాలన్నింటికీ చేర్చింది. అయిదేళ్లు తిరగకుండానే, 1958లో, యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురిని కలిపి కూర్చోబెట్టినప్పుడు వచ్చిన ఆలోచనల కంటే, నలుగురిని విడివిడిగా కూర్చోబెట్టి వారు రాసినవాటిని తర్వాత కలిపినప్పుడు వచ్చినవే ఎక్కువని తేలింది. ఎందుకిలా జరుగుతోందని వెతికిన మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబే అనే పరిశోధకులు 1987లో ప్రధాన కారణంగా చూపించింది బిడియాన్నీ కాదు, బద్ధకాన్నీ కాదు. ఒకేసారి ఒక్కరే మాట్లాడగలరన్న మామూలు విషయమే మిగతావారి ఆలోచనకు అడ్డుపడుతోందన్నారు. మీ ఆరుగురి మౌనానికి ఇంతకంటే గొప్ప రహస్యం అక్కర్లేదని నా అభిప్రాయం.

కాబట్టి ముందు రాయించండి, తర్వాత మాట్లాడించండి. సమస్యను ఒక్క వాక్యంలో బోర్డు మీద రాసి, తొలి పది నిమిషాలు ఎవరూ పెదవి కదపకుండా ఒక్కో కాగితంపై ఒక్కో ఆలోచన చొప్పున పేరు లేకుండా రాయమనండి. ఆ కాగితాలన్నీ కలిపేసి గోడకు అతికించిన తర్వాతే చర్చ మొదలుపెట్టండి. ఇంకొంచెం కట్టుదిట్టంగా చేయాలనుకుంటే, బెర్న్‌ట్ రోర్‌బాక్ 1968లో ప్రతిపాదించిన పద్ధతి ఉంది. ఆరుగురు కూర్చుని అయిదేసి నిమిషాల్లో మూడేసి ఆలోచనలు రాసి కాగితాన్ని పక్కవారికి అందిస్తారు. పక్కవారు వాటిని చదివి, వాటిపై కట్టుకుంటూ మరో మూడు రాస్తారు. కాగితం ఒక చుట్టు తిరిగేసరికి అరగంటలో 108 ఆలోచనలు పోగవుతాయి. వాటిలో నూరు పారేయవలసినవే కావచ్చు. మథనం అనే మాట మనం ఊరికే వాడటం లేదు కదా, పాలకడలిని చిలికినప్పుడు కూడా ముందుగా పైకి వచ్చింది హాలాహలమే.

అసలు ఇబ్బంది మరొకటుంది. మీరు ఆలోచన చెప్పగానే అందరూ బాగుందన్నారని రాశారు, అందులో మీకు కొంత సంతోషం కూడా ధ్వనిస్తోంది. నా సంగతి చెబుతాను. బృందం సమావేశాల్లో నా చేతిలో ఎప్పుడూ ఒక పెన్ను ఉండేది. అందులో విశేషమేమీ లేదనుకునేవాణ్ని. నా దగ్గర పనిచేసి వెళ్లిపోయిన ఒక చిత్రకారిణి కొన్నేళ్ల తర్వాత కలిసినప్పుడు నవ్వుతూ చెప్పారు: 'సార్, మేమంతా మీ పెన్ను మూతనే చూసేవాళ్లం. మీరు మూత తీస్తే మా మాటలో ఏదో నచ్చిందని లెక్క, పొడిగించేవాళ్లం. తీయకపోతే రెండు ముక్కల్లో ముగించి కూర్చునేవాళ్లం.' అన్నేళ్లపాటు ఎంతోమంది ఆలోచనల ఆయుర్దాయాన్ని ఒక ప్లాస్టిక్ మూత నిర్ణయించిందని, అదీ నాకు తెలియకుండానే నిర్ణయించిందని విన్నప్పుడు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

బృందం మీరిచ్చే స్వేచ్ఛ గురించిన ప్రకటనను వినదు, మీ ముఖాన్ని చదువుతుంది. 'ఇది పోయినేడు ప్రయత్నించాం కదా' అని మీరు మామూలుగా అన్న మాట, చెప్పినవారికి తలుపు మూసిన చప్పుడులా వినిపిస్తుంది. కనీసం రెండు నెలలపాటు ఈ రెండు నియమాలు పాటించి చూడండి. ఒకటి, మీ సొంత ఆలోచనను అందరికంటే చివర, అదీ పేరు లేని కాగితాల్లో ఒకటిగా మాత్రమే బయటపెట్టడం. రెండు, ఏ ఆలోచన విన్నా మీ మొదటి మాట ప్రశ్నగా ఉండటం: 'ఇది పనిచేయాలంటే ఏం నిజం కావాలి?' అన్నది నేను ఎక్కువగా వాడిన ప్రశ్న. మొదటి రెండు మూడు వారాలు ఇబ్బందికరమైన నిశ్శబ్దం ఉంటుంది. దాన్ని నింపాలని మీకు నోరు దురద పెడుతుంది. ఓర్చుకోండి.

ప్రశ్న: మా బృందంలో అందరూ ప్రతిదానికీ గంగిరెద్దులా తలూపుతున్నారని, ఒక్కో సమావేశానికి ఒక్కొక్కరిని 'ప్రతిపక్షం'గా నియమించి, ఏది వచ్చినా వ్యతిరేకించమని చెప్పాను. మొదట సరదాగా ఉండేది, ఇప్పుడు నాటకంలా తయారైంది. కొనసాగించాలా?
— ఒక బోధనా వీడియోల నిర్మాత

జవాబు: ఆపేయండి. పాత్ర ధరించి వ్యతిరేకిస్తున్నవారి మాటను ఎవరూ మనసుకు తీసుకోరు, వ్యతిరేకించేవారు కూడా తమ మాటను తామే నమ్మరు. చార్లన్ నెమెత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయంపై చేసిన ప్రయోగాల్లో, నిజంగా భిన్నాభిప్రాయం ఉన్న ఒక్క మనిషి గుంపు ఆలోచనను కదిలించినంతగా నియమిత ప్రతిపక్షం కదిలించలేకపోయిందని తేలింది. 1950లలో సాలమన్ ఆష్ చేసిన గీతల ప్రయోగం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. కళ్లెదుట కనిపిస్తున్న గీత పొడవు విషయంలో కూడా గుంపు అంతా తప్పు చెబుతుంటే మనిషి లొంగిపోతాడు. కానీ ఒక్కరైనా తోడుగా సరైన జవాబు చెబితే ఆ లొంగుబాటు ఒక్కసారిగా తగ్గిపోతుంది. కాబట్టి మీ బృందంలో సహజంగానే విభేదించే ఆ ఒక్కరెవరో గుర్తించి, సమావేశం తర్వాత విడిగా పిలిచి 'మీరు అలా అన్నందుకు మేలు జరిగింది' అని చెప్పండి. ఆ మాట మిగతావారికి దానంతటదే చేరుతుంది, కార్యాలయాల్లో ఏ మాట దాగుతుంది గనక.

ప్రశ్న: నా బృందం చేసిన పనిని విమర్శిస్తే ముడుచుకుపోతున్నారు, మరుసటి వారం ఏ ప్రయోగమూ చేయకుండా సురక్షితమైన పని తెచ్చి ఇస్తున్నారు. విమర్శించకుండా మెచ్చుకుంటూ పోతే నాణ్యత పడిపోతోంది. 'మానసిక భద్రత' కల్పించాలని ఈ మధ్య ఒక శిక్షణలో చెప్పారు. అంటే తప్పును తప్పనకూడదా?
— ఒక పత్రిక ఆర్ట్ ఎడిటర్

జవాబు: తప్పును తప్పనడం మానేస్తే అది భద్రత కాదు, ఉపేక్ష. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన ఏమీ ఎడ్మండ్‌సన్ ఎక్కడ మొదలుపెట్టారో తెలిస్తే మీ సందేహం సగం తీరుతుంది. 1990లలో ఆమె పరిశోధన విద్యార్థినిగా ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను అధ్యయనం చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆశిస్తే, లెక్కల్లో అవే ఎక్కువ కనిపించాయి. తరచి చూస్తే, ఆ బృందాలు పొరపాట్లు ఎక్కువ చేయడం కాదు, చేసినవాటిని దాచకుండా చెబుతున్నాయని అర్థమైంది. 1999లో ఆమె ఒక తయారీ సంస్థలోని 51 బృందాలపై ప్రచురించిన అధ్యయనం ఈ భావనకు స్థిరమైన రూపమిచ్చింది. అందులో ఎక్కడా ప్రమాణాలు తగ్గించమని లేదు. నోరు తెరిచినందుకు పరువు పోదన్న నమ్మకం, పని బాగుండి తీరాలన్న పట్టుదల, ఈ రెండూ కలిసి ఉండవచ్చు, ఉండాలి.

విమర్శ వల్ల మనిషి ముడుచుకుపోయేది అందులోని కఠినత్వం వల్ల అనుకుంటాం. నా అనుభవంలో ఎక్కువసార్లు అందులోని అస్పష్టతే కారణం. ఒక ఉదాహరణ చూడండి. పక్షుల వలసల గురించి పిల్లల కోసం వేస్తున్న ఒక పుస్తకానికి మా చిత్రకారుడు అట్ట బొమ్మ తెచ్చాడు. అట్టలో మూడొంతులు ఆక్రమించిన పెద్ద పక్షి ఒకటి, అందమైన రంగులు, కింద చిన్న శీర్షిక. నా నోటిదాకా వచ్చిన మొదటి మాట 'ఎందుకో నప్పలేదోయ్' అన్నది. ఈ మాట వింటే అతను ఏం మార్చాలి? రంగా, పక్షా, తనకున్న ఉద్యోగమా? నోటిదాకా వచ్చిన రెండో మాట 'పక్షిని చిన్నది చేసి వెనక ప్రపంచపటం పెట్టు' అన్నది. ఇది స్పష్టంగానే ఉంది కానీ, అందులో సమస్య ఏమిటో చెప్పకుండా నా పరిష్కారాన్ని మాత్రం చెప్పేస్తున్నాను. అతను పటం పెట్టి తెస్తాడు, అంతటితో అతని చేయి నా చేయిగా మారిపోతుంది. ఆ రోజు ఏ గ్రహబలమో, రెంటినీ మింగేసి మూడోది చెప్పాను: 'దూరం నుంచి చూస్తే పక్షి కనిపిస్తోంది గానీ ప్రయాణం కనిపించడం లేదు. దీన్ని చూసిన పిల్లవాడు ఇది పక్షుల పేర్లు చెప్పే పుస్తకం అనుకుంటాడు.' మర్నాడు అతను తెచ్చిన బొమ్మలో పెద్ద పక్షీ లేదు, పటమూ లేదు. అట్ట కింది మూల నుంచి పై మూలదాకా, పటాల్లో దారిని సూచించే చుక్కల గీత లాగా, చుక్కకొక పక్షి చొప్పున చిన్న చిన్న పక్షుల బారు వంపు తిరిగి వెనక అట్టలోకి వెళ్లిపోతోంది. అది నాకు ఈ జన్మలో తట్టేది కాదు.

సమస్యను చెప్పి పరిష్కారాన్ని పని చేసేవారికే వదిలేయడం అనేది యానిమేషన్ చిత్రాల సంస్థ పిక్సార్‌లో ఒక ఏర్పాటుగానే ఉంది. తయారీలో ఉన్న సినిమాను కొన్ని నెలలకోసారి తోటి దర్శకులు, కథకులు చూసి, ఎక్కడ కుంటుతోందో మొహమాటం లేకుండా చెబుతారు. అయితే వారి మాటను అమలు చేసి తీరాలన్న నిబంధన ఉండదు, ఏం చేయాలో దర్శకుడే నిర్ణయించుకుంటాడు. తమ సినిమాలన్నీ తొలిదశలో నాసిగానే ఉంటాయని ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన ఎడ్ కాట్మల్ బాహాటంగానే చెప్పేవారు. ఆ ఏర్పాటులో నాకు నచ్చిన అంశం విమర్శనూ అధికారాన్నీ విడదీయడం. మీ విషయంలో విమర్శించేదీ మీరే, ఆమోదించేదీ మీరే, సంవత్సరాంతంలో వారి పనితీరుపై నివేదిక రాసేదీ మీరే. అటువంటప్పుడు మీరెంత మెత్తగా చెప్పినా అది తీర్పులాగే వినిపిస్తుంది. అందుచేత చిత్తుప్రతి దశలో విమర్శను తోటివారికి అప్పగించి, మీరు ఆ గదిలోంచి లేచి వెళ్లిపోవడం మేలు. ఆ మొదటి దశలో మీరు లేకపోతే పని పాడైపోతుందేమోనన్న భయం కలిగితే, ఆ భయం గురించి విడిగా ఒక ఉత్తరం రాయవచ్చు.

ఇంకొక చిన్న మాట. పని చూపించేవారిని ముందుగా 'ఇది ఏ దశలో ఉంది, ఏ సంగతి గురించి వినాలనుకుంటున్నారు?' అని అడగడం అలవాటు చేసుకోండి. పెన్సిలు గీతల దశలో రంగు గురించీ, అచ్చుకు వెళ్లే రోజున కథ గురించీ మాట్లాడటం మన వృత్తిలో పాత జబ్బు.

ప్రశ్న: మా యాజమాన్యం ఉత్సాహంగా ప్రతి శుక్రవారం మధ్యాహ్నాన్ని సొంత ప్రయోగాలకు కేటాయించింది. ఆరు నెలలు గడిచాయి. పనికొచ్చే ఆలోచన ఒక్కటీ రాలేదు. యాజమాన్యం ఇప్పుడు లెక్కలు అడుగుతోంది. ఏం చెప్పాలి?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి బృందం మేనేజర్

జవాబు: ఈ పద్ధతికి మూలపురుషుడిలాంటి సంస్థ 3ఎం. అక్కడి సాంకేతిక సిబ్బంది తమ సమయంలో 15 శాతం దాకా సొంత ఆసక్తులకు వెచ్చించవచ్చన్న ఆనవాయితీ దశాబ్దాలుగా ఉంది. అక్కడ పుట్టిన అంటించి తీయగలిగే పసుపు పచ్చ కాగితాల కథను అందరూ చెబుతారు గానీ, అందులోని తేదీలను ఎవరూ పట్టించుకోరు. గట్టి జిగురు చేయబోయిన స్పెన్సర్ సిల్వర్‌కు 1968లో అందుకు విరుద్ధంగా, అంటుకుని తేలిగ్గా ఊడివచ్చే జిగురు దొరికింది. దానితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఆయన మాత్రం సంస్థలోని రకరకాల విభాగాలవారికి ఏళ్ల తరబడి దాని గురించి చెబుతూనే ఉన్నారు. అలా విన్నవారిలో ఆర్ట్ ఫ్రై ఒకరు. చర్చి గాయకబృందంలో పాడే ఫ్రైకి, పాటల పుస్తకంలో గుర్తుగా పెట్టుకునే కాగితం ముక్కలు జారిపోతున్నప్పుడు, 1974లో, ఆ జిగురు గుర్తొచ్చింది. సరుకు అమెరికా అంతటా మార్కెట్లోకి వచ్చింది 1980లో. కనుగొన్ననాటికీ అమ్మిననాటికీ మధ్య పన్నెండేళ్లు.

మీ యాజమాన్యాన్ని పన్నెండేళ్లు ఆగమని చెప్పమనడం నా ఉద్దేశం కాదు, చెప్పినా వినరు. ఆ కథలో ఖాళీ సమయం కంటే ముఖ్యమైనది విన్నవారు ఉండటం. సిల్వర్ చెబుతూ ఉండటానికి వేదికలు ఉన్నాయి, వేరే విభాగంలోని ఫ్రై వచ్చి వినే వీలుంది, పనికిరాదనిపించిన జిగురును పారేయకుండా ఉంచుకున్నందుకు ఎవరూ మందలించలేదు. మీ శుక్రవారంలో ఇవి ఉన్నాయా? ఒకరు ఏదో చేశారనుకుందాం, దాన్ని సోమవారం ఎవరు చూస్తారు? నచ్చితే మరో రెండు వారాలు కేటాయించే అధికారం ఎవరికుంది? పని ఒత్తిడి వచ్చినప్పుడు ముందుగా రద్దయ్యేది ఆ శుక్రవారమేనా? చివరి ప్రశ్నకు జవాబు అవునే అయ్యుంటుందని పందెం కాస్తాను. సంస్థలు ఎందుకలా చేస్తాయో జేమ్స్ మార్చ్ 1991లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. తెలిసినదాన్నే మెరుగుపరచడం వల్ల వచ్చే ఫలితం దగ్గరలో ఉంటుంది, ఖాయంగా ఉంటుంది. కొత్తదాన్ని వెతకడం వల్ల వచ్చే ఫలితం దూరంగా, సందేహాస్పదంగా ఉంటుంది. అందువల్ల ఎవరి దురుద్దేశమూ లేకుండానే మొదటిది రెండోదాని తిండి తినేస్తూ ఉంటుంది.

యాజమాన్యానికి ఆలోచనల లెక్క ఇవ్వకండి. ఈ ఆరు నెలల్లో ఎన్ని శుక్రవారాలు నిజంగా మిగిలాయో ఆ లెక్క ఇవ్వండి. దానితోపాటు నెలకొకసారి, ఇతర విభాగాలవారు కూడా వచ్చేలా, పూర్తికాని పనులను మాత్రమే చూపించే అరగంట ఏర్పాటు చేయడానికి అనుమతి అడగండి. పూర్తయినవి చూపించకూడదన్న నిబంధన కచ్చితంగా పెట్టండి. లేకపోతే రెండో నెలకే అది మెరుగులు దిద్దిన ప్రదర్శనల పోటీగా మారి, ప్రయోగం చేసేవారు ఇంటికి పోతారు.

ప్రశ్న: గడువు తరుముకొస్తేనే మా వాళ్లు మంచి పని చేస్తున్నారని నా నమ్మకం. అందుకే అసలు గడువు కంటే వారం ముందే తేదీ చెబుతుంటాను. ఇది తప్పా?
— ఒక ప్రకటనల సంస్థ క్రియేటివ్ డైరెక్టర్

జవాబు: ఈ కిటుకు వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది, మీరు చెప్పిన తేదీకి వారం కలుపుకునే లెక్క వేసుకుంటూ ఉంటారు. అది అలా ఉంచితే, హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన టెరిసా అమబిలే, ఆమె సహచరులు ఏడు సంస్థల్లో ప్రాజెక్టు బృందాల చేత రోజూ డైరీలు రాయించి, కొన్ని వేల పుటలు పరిశీలించారు. ఒత్తిడి ఎక్కువున్న రోజుల్లో మనుషులు తాము చాలా సృజనాత్మకంగా పనిచేశామని భావించారు గానీ, డైరీల్లోని ఆలోచన తీరు అందుకు విరుద్ధంగా ఉంది. ఆ నష్టం మరుసటి రోజుల్లోకి కూడా పాకింది. మీ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అయితే అదే పరిశోధన ఒక మినహాయింపును కూడా చూపింది. గడువు ఎందుకు దగ్గరగా ఉందో అర్థమై, అది నిజంగా అవసరమని నమ్మి, మధ్యలో మరో పని అడ్డురాకుండా ఉంటే, ఒత్తిడిలో కూడా కొత్త ఆలోచనలు వచ్చాయి. 1943లో లాక్‌హీడ్ సంస్థలో కెల్లీ జాన్సన్ బృందం జెట్ యుద్ధవిమానపు తొలి నమూనాను 143 రోజుల్లో తయారుచేసింది. యుద్ధం నడుస్తోంది కాబట్టి గడువు ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ చిన్న బృందాన్ని సంస్థలోని మిగతా వ్యవహారాల నుంచి పూర్తిగా వేరుచేసి కాపాడారు కూడా. మీరు గడువును ముందుకు జరపడానికి పెడుతున్న తెలివిని, ఆ వారంలో వాళ్ల బల్ల దగ్గరికి 'ఒక్క నిమిషం' అంటూ ఎవరూ రాకుండా ఆపడానికి పెట్టి చూడండి. అలా వచ్చేవారిలో మొదటివారు మీరే కావచ్చు.

ప్రశ్న: నేను నాయకురాలిని కాను, బృందంలో ఒక సభ్యురాలిని. నా ఆలోచనను మా టీమ్ లీడర్ పైఅధికారుల ముందు 'మేము అనుకున్నాం' అంటూ చెప్పారు. నా పేరు రాలేదు. ఇది రెండోసారి. అప్పటి నుంచి నాకు ఏమైనా తోచినా చెప్పాలనిపించడం లేదు.
— ఒక యువ రచయిత్రి

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేసి టీమ్ లీడర్లందరికీ పంచాలని ఉంది. ఆయన దురుద్దేశంతోనే చేశారని నేను అనుకోను. పైవారి ముందు నిలబడ్డ మనిషికి 'మేము' అనే మాట వినయంలాగే తోస్తుంది. అందులో ఎవరు కరిగిపోయారో కనిపించదు. నిందగా కాకుండా కోరికగా అడగండి: 'తర్వాతిసారి ఈ భాగాన్ని నేనే వివరిస్తానండీ, అయిదు నిమిషాలు చాలు.' ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, ఆలోచనను నోటిమాటగా కాకుండా అరపేజీ రాతగా, అందరికీ ఒకేసారి అందేలా పంపడం మొదలుపెట్టండి. రాసినదానికి తేదీ ఉంటుంది, పేరుంటుంది. ఆలోచన వచ్చినా చెప్పకుండా ఊరుకోవడం మాత్రం వద్దు, ఆ అలవాటు ముందు నష్టపరిచేది మిమ్మల్నే.

ప్రశ్న: మంచి డిజైనర్‌ననే నన్ను బృందనాయకుణ్ని చేశారు. రెండేళ్లుగా నా చేత్తో గీసింది ఏమీ లేదు. నిజం చెప్పాలంటే, బృందం సాయంత్రం ఇచ్చి వెళ్లిన పనిని రాత్రిళ్లు కూర్చుని నేనే సరిదిద్దుతున్నాను, చాలాసార్లు మొత్తం మార్చేస్తున్నాను. క్లయింట్లు సంతోషంగానే ఉన్నారు. కానీ బృందం రానురాను సగం సగం పని ఇస్తోంది. నేను అలసిపోయాను.
— పేరు రాయని పాఠకుడు

జవాబు: మీ బృందం వైపు నుంచి చూడండి. వారు ఎంత శ్రమపడి ముగించినా తెల్లవారేసరికి అది మరొకటిగా మారిపోయి ఉంటుంది. ఎందుకు మారిందో చెప్పేవారు ఉండరు. అలాంటప్పుడు పూర్తిచేసి ఇవ్వడం వృథా అని ఎవరికైనా అర్థమవుతుంది, సగంలో ఆపి ఇవ్వడమే తెలివైన పని. వాళ్లు బద్ధకస్తులుగా మారలేదు, మీరు నేర్పిన పాఠాన్ని చక్కగా నేర్చుకున్నారు.

మీ బాధ కూడా నాకు తెలుసు. చేతికి పని లేని డిజైనర్ ఎదురుగా ఉన్న ఏ కాగితాన్నయినా సరిదిద్దకుండా ఉండలేడు. అందువల్ల ఫైళ్లు తెరవడం మానేయమని ఒక్కటే చెబితే నిలవదు, చేతికి వేరే పని కావాలి. గడువులతో, క్లయింట్లతో సంబంధం లేని ఒక చిన్న పనిని మీ సొంతానికి పెట్టుకోండి. సంస్థ వార్షిక నివేదికలోని ఒక పుట కావచ్చు, ఎవరూ పట్టించుకోని ఒక పాత గుర్తును తిరగరాయడం కావచ్చు. బృందం ఆధారపడే పని మాత్రం కాకూడదు, ఎందుకంటే మీరు దాన్ని ఆలస్యం చేస్తారు, చేసి తీరుతారు.

బృందం ఫైళ్ల విషయంలో ఒక్కసారిగా కాక మెల్లగా చేయి తీయండి. మొదటి నెల మార్పులు చేయాలనిపించినప్పుడు ఫైలును తాకకుండా, ఏం మార్చాలనుకున్నారో, ఎందుకో ఒక కాగితం మీద రాసి మర్నాడు పొద్దున ఇవ్వండి. మారుస్తారో లేదో వారి ఇష్టం. కొన్ని పనులు మీరు చేసినంత బాగా రాకుండానే క్లయింటు దగ్గరికి వెళ్తాయి. ఆ రోజులు కష్టంగా గడుస్తాయి, ఒకటి రెండు ఫిర్యాదులు కూడా రావచ్చు. వాటికి మీరు ముందుండి సమాధానం చెప్పండి, బృందం పేరు ఎత్తకండి. రెండో నెలలో, మీరు సొంతంగా చేస్తున్న ఆ చిన్న పని చిత్తుప్రతిని, మెరుగులు దిద్దకుండా, వాళ్ల ముందు పెట్టి ఎక్కడ కుంటుతోందో చెప్పమనండి. ఎవరూ మాట్లాడకపోతే మీరే మొదటి వంక చూపించి మొదలుపెట్టండి. వాళ్లు చెప్పింది రాసుకోవడానికి కాగితం, పెన్ను దగ్గరుంచుకోండి. పెన్ను మూత మాత్రం ముందే తీసి పెట్టుకోండి.